గోర్డన్ అంటే నేనే



మా మున్నా నన్ను అబ్బూ అని పిలవడు. గోర్డన్ అంటాడు. వాడికిప్పుడు ఆరేళ్లు. ఇంటికొచ్చిన మెహమాన్లు "యే గోర్డన్ కౌన్ జీ?" అని అడిగితే మా అమ్మీ తస్బీహ్ తిప్పుతూనే గడ్డంతో నా వైపు చూపిస్తుంది. మొదట్లో శర్మ్‌గా ఉండేది. జుమా రోజు మసీదు మెట్ల దగ్గర పదిమందిలో వాడు ఆ పేరుతో కేకేస్తే, వినబడనట్టు చెప్పులు వెతుక్కునేవాణ్ని. ఇప్పుడు హాజిర్ అంటాను.

ఈ గోర్డన్ ఎవరో తెలియనివాళ్ల కోసం చెబుతాను. పిల్లల ఫోన్లలో, టీవీల్లో చూసే ఉంటారు, నీలం రంగు రైలింజన్ ముందువైపు గుండ్రటి బూడిదరంగు మొహం, పెద్ద కళ్లు. థామస్ అండ్ ఫ్రెండ్స్. ఆ ఫ్రెండ్స్‌లో ఒకడు గోర్డన్. నంబరు నాలుగు. నేను ఈ రైళ్ల ఖాన్‌దాన్ మొత్తాన్ని పేరుపేరునా నేర్చుకోవాల్సి వచ్చింది. నలభై దాటాక, పేపరు ఆఫీసు నుంచి రాత్రి పదకొండింటికి మైలవరం చేరుకుని, బేగం కప్పిపెట్టిన అన్నం తింటూ, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నేర్చుకున్నాను. ఉర్దూ మీడియంలో పదో తరగతి దాకా చదివి, తర్వాత తెలుగు డిగ్రీలో చేరినప్పుడు కూడా ఇంత మెహనత్ చేయలేదు.

ఎందుకు నేర్చుకున్నానో ముందు చెప్పాలి.

మున్నా 2019లో పుట్టాడు. నడక నేర్చింది లాక్‌డౌన్‌లో. ఏడాదిన్నరకి రెండు మూడు మాటలు వచ్చాయి. పానీ అన్నాడు, దాదీ అన్నాడు. తర్వాత అవి కూడా పోయాయి. పిలిస్తే పలకడు, కళ్లలోకి చూడడు. ఫ్యాను తిరుగుతుంటే గంటసేపు దాన్నే చూస్తాడు. "ఇన్ బోల్తాచ్ నై" అని మా ఆపా అన్న రోజు బేగం లోపలికెళ్లి ఏడ్చింది. మా మామయ్యలు, ఖాలాలు తలా ఒకటి చెప్పారు. మగపిల్లలు ఆలస్యంగా మాట్లాడతారన్నారు. నజర్ తగిలిందన్నారు. ఎండుమిరపకాయలు తిప్పారు, గుడ్డు తిప్పారు, దమ్ చేసిన పానీ తాగించారు. తావీజు కట్టింది ఎవరో కాదు, నేనే. ఆ దారం ముడి నా చేత్తోనే వేశాను. దువా మీద నాకెప్పుడూ షక్ లేదు, ఇప్పటికీ లేదు. కానీ ఇరవై ఏళ్లుగా ఊళ్లవాళ్ల ఆరోగ్యం గురించి వార్తలు రాసిన మనిషిని, నా ఇంట్లో జరుగుతున్నదాన్ని చూడకుండా ఏడాదిన్నర నెట్టుకొచ్చాను. మంచి హెడ్డింగ్ దొరకలేదని వార్త ఆపేసినట్టు ఆపేశాను.

చివరికి వాడికి నాలుగేళ్లు నిండబోతుండగా బెజవాడలో ఒక డాక్టరమ్మ దగ్గర కూర్చున్నాం. ఆమె చాలాసేపు వాణ్ని చూసింది. తర్వాత నన్నడిగింది, "బాబుకి ఏం ఇష్టం?"

"రైళ్లు," అన్నాను. నాకు తెలిసింది అంతే.

"ఏ రైలు?"

నేను గోడవైపు చూశాను. బేగం మెల్లగా అంది, "ఆకుపచ్చది. మూడో నంబరుది. పేరు హెన్రీ. దాన్ని గోడకట్టి మూసేస్తే వీడు ఏడుస్తాడు."

ఆ గదిలో ఆటిజం అన్న మాట ఆ తర్వాత వచ్చింది. దానికంటే ముందు వచ్చిన ఆ జవాబే నన్ను ఎక్కువ కోసింది. ఇంట్లో రోజూ నడుస్తున్న కథ నాకు తెలియదు. నా కొడుకు ఎవరికోసం ఏడుస్తున్నాడో తెలియదు.

అలా మొదలైంది నా సబక్.

ముందు ఈ కథ పుట్టుక. ఇంగ్లాండులో విల్బర్ట్ ఆడ్రీ అని ఒక పాద్రీ సాబ్. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఆయన కొడుకు క్రిస్టఫర్‌కి తట్టు పోసింది. మంచం దిగకూడదు, చీకటి గదిలో ఉండాలి. ఆ పిల్లాడికి కాలక్షేపంగా రైలింజన్లకు మొహాలు గీసి, దిగులుగా ఎందుకున్నాయో కథ కట్టి చెప్పాడు. పిల్లాడు మళ్లీ అదే కథ అడిగేవాడు. తండ్రి ఒక్క మాట మార్చి చెబితే, అలా కాదు, నిన్న ఇలా అన్నావు అని పట్టుకునేవాడు. ఈ తంటా భరించలేక పాద్రీ సాబ్ చేతికందిన చిత్తు కాగితాల మీద రాసుకున్నాడు. 1945లో మొదటి కితాబ్ వచ్చింది, 1946లో థామస్ వచ్చాడు. 1972 దాకా ఆయనే ఇరవై ఆరు పుస్తకాలు రాశాడు. తర్వాత ఆ తట్టు పోసిన కొడుకే కలం అందుకున్నాడు. టీవీలోకి వచ్చింది 1984లో.

కథలో ఒక్క మాట మారినా ఒప్పుకోని పిల్లాడు ఎలా ఉంటాడో నాకు బాగా తెలుసు. మా ఇంట్లో ఒకడున్నాడు.

ఇక ఇంజన్లు. థామస్ ఒకటో నంబరు, చిన్న నీలం ఇంజను, షంటింగ్ చేసుకుంటూ పెద్ద బండ్లు లాగాలని ఉబలాటపడే రకం. రెండు ఎడ్వర్డ్, ముసలివాడు, నరమ్ దిల్. మూడు హెన్రీ. నాలుగు గోర్డన్, ఎక్స్‌ప్రెస్ బండి లాగుతాడు, ఆ గురూర్ నిలువెల్లా ఉంటుంది. అయిదు జేమ్స్, ఎర్ర రంగు, తన అందం మీద తనకే ఇష్క్. ఆరు పెర్సీ, ఆకుపచ్చ బుడతడు. ఏడు టోబీ, గోధుమరంగు చెక్కపెట్టెలాంటి ట్రాము ఇంజను. వీళ్లుండేది సోడార్ అనే ద్వీపం, పాద్రీ సాబ్ మ్యాపులో కల్పించుకున్నది. అందరి మీదా టోపీ పెట్టుకున్న లావుపాటి కంట్రోలర్ సాబ్. ఇంతే. విమానాలు, హెలికాప్టర్లు తర్వాత చాలా చేరాయి గానీ, అసలు ఖాన్‌దాన్ ఈ ఏడుగురే అని నా అభిప్రాయం. మున్నా అభిప్రాయం కూడా అదే. వాడు వరసలో పెట్టేది ఈ ఏడింటినే.

వరస అన్నాను కదా. వాడు బొమ్మ ఇంజన్లను అమ్మీ జానమాజ్ అంచు వెంట పెట్టేవాడు. ఒకటి నుంచి ఏడు దాకా, బెత్తెడు తేడా లేకుండా. ఒకటి కదిపితే ప్రళయం. ఇలా వరసలు పెట్టడం ఆటిజం లక్షణాల్లో ఒకటని డాక్టరమ్మ చెప్పింది. మా అబ్బాకి చెబితే ఆయన కాసేపు ఆలోచించి, "మసీదులో ఇమామ్ సాబ్ రోజూ సఫ్ సీదా కరో అని మొత్తుకుంటాడు. మనకు ఒక్కరోజూ కుదరదు. వీడికి కుదిరింది," అన్నాడు.

అమ్మీ ఫిక్ర్ వేరు. మొహాలున్న బొమ్మలు ఎదురుగా ఉంటే నమాజ్ ఎలా అని. వాణ్ని ఆ గదిలోంచి పంపితే ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తాడు. రెండు వారాలు ఈ జంగ్ నడిచింది. తర్వాత ఒకరోజు జుహర్‌కి అమ్మీ తన తెల్ల దుపట్టా తీసి ఏడు ఇంజన్ల మీదా కప్పి, "షెడ్ మే సో గయే" అంది. నమాజ్ అయ్యాక తీసింది. వాడు చూశాడు. అసర్‌కి మళ్లీ షెడ్డు. మగ్రిబ్‌కి మళ్లీ. నాలుగో రోజో అయిదో రోజో, అజాన్‌కి ముందే వాడే దుపట్టా పట్టుకొచ్చాడు. మసీదువాళ్లు ఇచ్చిన అవ్‌ఖాత్ కార్డు మా గోడకుంటుంది. వాడికి అది టైంటేబుల్. అంకెలు చదువుతాడు. నెలలో జుహర్ జమాత్ టైం మారితే మాకంటే ముందు వాడికే తెలుస్తుంది.

అజాన్ మైకులో మొదలైతే మాత్రం రెండు చెవులూ మూసుకుంటాడు. చాలామంది దీన్ని చూసి ఏదేదో అన్నారు. షైతాన్ పేరు కూడా ఎత్తారు. పెళ్లి బ్యాండుకీ మూసుకుంటాడు, మిక్సీకీ మూసుకుంటాడు, మామిడి సీజన్లో రాత్రంతా లారీలు హారన్లు కొట్టుకుంటూ పోతుంటే మంచం కిందికి దూరతాడు. కొందరి చెవులకు శబ్దం దెబ్బలా తగులుతుంది. అంతకుమించి అందులో ఏమీ లేదు. ఇది చదువుతున్న ఆపాలకూ భాయిజాన్లకూ ఒక గుజారిష్. మసీదులో ఎవరి పిల్లాడైనా చెవులు మూసుకుని కనిపిస్తే, సఫ్‌ల మధ్య పరుగెడితే, ముందు వాళ్ల నాన్న మొహం చూడండి. తర్వాత మాట్లాడండి.

మంచం కింద దూరినప్పుడు వాడొక మాట అనేవాడు. "టన్నెల్." అది ఎక్కడిదో హెన్రీ కథ చూశాకే తెలిసింది నాకు. హెన్రీ తన కొత్త ఆకుపచ్చ పెయింటు వర్షానికి పాడవుతుందని సొరంగంలో ఆగిపోతాడు. బతిమాలినా, తోసినా, లాగినా బయటికి రాడు. చివరికి కంట్రోలర్ సాబ్ పట్టాలు పీకించి, సొరంగం ముందు గోడ కట్టించేస్తాడు. మిగతా ఇంజన్లు పక్కనుంచి పోతుంటే హెన్రీ లోపలే మసిబారుతూ ఉంటాడు. పిల్లల కథ ఇది! మొదటిసారి చూసినప్పుడు నేను ఫోన్ బోర్లా పెట్టేశాను. వర్షానికి భయపడ్డవాడికి గోడ శిక్షా? పాద్రీ సాబ్‌తో నాకు మొదటి పేచీ అక్కడే.

రెండో పేచీ, ఆ ద్వీపంలో ఎవరికైనా దక్కే పెద్ద మెప్పు ఏమిటంటే, నిజంగా పనికొచ్చే ఇంజను అనిపించుకోవడం. పని చేస్తేనే ఇజ్జత్. హెన్రీని కూడా చివరికి ఎందుకు బయటికి తెస్తారు? గోర్డన్ సేఫ్టీ వాల్వు పేలి ఎక్స్‌ప్రెస్ నడిబాటలో ఆగిపోయింది, ఎడ్వర్డ్ ఒక్కడి వల్లా కాలేదు, అవసరం పడింది కనుక. అవసరం పడకపోతే? మున్నాలాంటి పిల్లల తల్లిదండ్రులు రాత్రిళ్లు నిద్రపట్టక వేసుకునే సవాల్ ఇదే. మా తర్వాత వీణ్నెవరు చూస్తారు, వీడు ఎవరికి పనికొస్తాడు. ఆ కథ నాకు పడదు. మున్నాకి మాత్రం గోడ పగలగొట్టే చోటు ఇష్టం. ఆ చోట చప్పట్లు కొడతాడు, వెనక్కి పెట్టమంటాడు, మళ్లీ కొడతాడు. వాడికి కారణాలతో పనిలేదు. ఇటుకలు పోయాయి, హెన్రీ బయటికొచ్చాడు.

అబ్బా సంగతి చెప్పలేదు మీకు. ఆయన రైల్వే మనిషి. 1970ల మొదట్లో బెజవాడ లోకోషెడ్డులో ఇంజన్లు తుడిచే క్లీనరుగా చేరి, ఫైర్‌మన్ అయ్యి, ఆవిరి పోయాక డీజిల్ మీద అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాడు. ఆయన మోచేతుల మీద నిప్పురవ్వల మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. మైలవరానికి రైలే లేదు. మాకు పట్టాలు కనబడాలంటే ఇరవై కిలోమీటర్లకు అటూఇటూగా కొండపల్లి పోవాలి. రైల్వేలో బతుకంతా గడిపినవాడు రైలు కూత వినబడని ఊళ్లో ఇల్లు కట్టాడేమని అడిగితే, "నీంద్ కే వాస్తే" అంటాడు.

మున్నాకి ఇలా ఉందని చెప్పినప్పుడు ఇంట్లో ఏడవనిది ఆయనొక్కడే. ఫోన్లో ఆ మొహాల ఇంజన్లు చూసి ఆయనకు ఆశ్చర్యమే వెయ్యలేదు. "ఇంజన్‌కి మొహం లేదని ఎవరన్నారు?" అన్నాడు. అప్పుడు మొదలుపెట్టాడు. డబ్ల్యూపీ అని ప్యాసింజరు బండ్ల ఇంజను ఉండేది, దాని ముక్కు తూటాలాగా ముందుకు పొడుచుకొచ్చి, దాని మీద నక్షత్రం. గూడ్స్ లాగే డబ్ల్యూజీకి ఆ షోకు లేదు, కానీ మొండి ఓపిక. ఒకే కార్ఖానాలో ఒకే నమూనాలో తయారైన రెండు ఇంజన్ల మిజాజ్ ఒకలా ఉండదట. ఒకటి బొగ్గు తింటుంది, ఆవిరి ఇవ్వదు. ఒకటి పొద్దున్నే అలుగుతుంది. కొత్త ఫైర్‌మన్‌కి ఉస్తాద్ నేర్పే మొదటి సబక్, దీని మిజాజ్ నువ్వు తెలుసుకో, నీ మిజాజ్ దానికి అక్కర్లేదు అని. 1995లో బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి పూర్తిగా ఆగింది. అప్పటికే తాను డీజిల్‌కి మారిపోయినా, ఆ వార్త ఉర్దూ పేపర్లో చదివి అన్నం మానేశాడని అమ్మీ చెబుతుంది.

అబ్బాకీ మున్నాకీ మధ్య ఆవిరి కలిసింది. ఆయన పొద్దున ఫజర్ తర్వాత వాణ్ని ఒళ్లో పెట్టుకుని మన బండ్లన్నిటినీ సోడార్ వాళ్లతో నికాహ్ చేయించినట్టు జతకలిపాడు. 1969లో మొదలైన గోల్కొండ ఎక్స్‌ప్రెస్, ఆ రోజుల్లో దేశంలోకెల్లా జోరుగా పోయే ఆవిరి బండి అని పేరు తెచ్చుకున్నది, అది గోర్డన్. ప్రతి స్టేషన్లో ఆగే ప్యాసింజరు థామస్. యార్డులో అటూఇటూ తోసే షంటింగ్ ఇంజను పెర్సీ. మాట వినని గూడ్స్ వ్యాగన్లు ఉంటాయి ఆ కథల్లో, వాటికి దవాఖానా మన రాయనపాడు దగ్గరి వ్యాగన్ వర్క్‌షాపు. రత్నాచల్ ఎవరని అడిగితే మాత్రం ఇద్దరికీ ఇంకా ఇత్తెఫాక్ కుదరలేదు. అబ్బా జేమ్స్ అంటాడు, మున్నా తల అడ్డంగా ఊపుతాడు.

మెల్లగా వాడు మనుషులకు పేర్లు పెట్టడం మొదలైంది. ముందు అబ్బాని ఎడ్వర్డ్ అన్నాడు. తర్వాత బేగం ఆనీ, అమ్మీ క్లారాబెల్. ఇవి థామస్ వెనకాల వచ్చే రెండు పెట్టెలు. ఆనీ మొహం ముందుకు, క్లారాబెల్ మొహం వెనక్కి ఉంటుంది. మా ఇంటి అత్తాకోడళ్లను ఇంతకంటే బాగా ఎవరూ వర్ణించలేదు. ఆపా పిల్లలు ముగ్గురూ కలిపి వ్యాగన్లు. చివరికి ఒకరోజు నేను హడావిడిగా షర్టు గుండీలు పెట్టుకుంటూ, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, డెస్కువాళ్ల మీద అరుస్తూ బయటికి పోతుంటే వెనకనుంచి స్పష్టంగా వినబడింది. గోర్డన్.

ఖుషీతో గంతేశాను. మాట! నా కోసం ఒక మాట! ఆఫీసుకు వెళ్లే బస్సులో గోర్డన్ కథలు వెతికి చూశాను. జి.కొండూరు దాటేసరికి ఖుషీ దిగిపోయింది. గోర్డన్ ఎప్పుడూ తొందరలో ఉంటాడు. తన బండి ముఖ్యం, తన టైం ముఖ్యం. గూడ్స్ లాగమంటే నామోషీ. ఒక కథలో వాడు గూడ్స్ బండితో గుట్టెక్కలేక మధ్యలో చతికిలబడతాడు, నిజానికి సరిగ్గా ప్రయత్నించనే లేదు. ముసలి ఎడ్వర్డ్ వచ్చి వెనకనుంచి తోస్తాడు, ఊపిరి అందకపోయినా తోస్తాడు. గుట్ట ఎక్కగానే గోర్డన్ దడదడ దిగిపోతాడు, వెనక్కి చూడడు, షుక్రియా చెప్పడు.

మున్నా స్పీచ్ థెరపీ ఫీజు రెండేళ్లుగా అబ్బా పెన్షన్లోంచే పోతోంది. నేను ఆయనకు ఒక్కసారైనా ఆ మాట ఎత్తలేదు. ఆయన ఎత్తనివ్వలేదని నాకు నేను చెప్పుకునేవాణ్ని.

ఆ రాత్రి ఇంటికొచ్చి అబ్బా కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఏదో చెప్పబోయాను. "క్యా హువా, ఉద్యోగం పోయిందా?" అన్నాడు ఆయన కంగారుగా. లేదన్నాను. "మరి పోయి తిను," అన్నాడు. మా ఇళ్లల్లో తండ్రీకొడుకుల మధ్య షుక్రియా ఇలాగే నడుస్తుంది.

భాష గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లల్లో ఇదొక పెద్ద మస్‌అలా. ఇంట్లో మా దక్కనీ ఉర్దూ, గుమ్మం దాటితే తెలుగు, ఫోన్లో ఇంగ్లీషు. అన్నీ కలిపి పిల్లాణ్ని గందరగోళం చేశామని, ఒకే భాష పట్టుకోండని చాలామంది సలహా ఇచ్చారు. బేగం మూడు నెలలు వాడితో వచ్చీరాని ఇంగ్లీషే మాట్లాడింది. తన నోట లోరీ కూడా ఆగిపోయింది. అమ్మీ అయితే మనవడి దగ్గర మూగదైపోయింది. తర్వాత తెలిసింది, రెండు భాషల ఇళ్లల్లో పెరిగితే ఆటిజం ఉన్న పిల్లల మాట అందువల్ల వెనకబడదని పరిశోధనలు చెబుతున్నాయని. తల్లి తన జబాన్‌లో మాట్లాడటమే మేలని మా థెరపిస్టు కూడా అంది. అలాగే ఫోన్ వల్ల ఆటిజం రాదు, టీకాల వల్ల రాదు, తల్లి ముహబ్బత్ తక్కువై రాదు. ఫోన్ తగ్గించడం మంచిదే, అది వేరే మాట. ఇంకొకటి, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజానికి విడిగా చోటుంది. సర్టిఫికెట్ తీసుకోవడానికి శర్మ్ పడకండి. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, కనుక్కోండి. ఆడపిల్లయితే రిష్తాలు రావని దాచిపెట్టే ఇళ్లు నాకు తెలుసు. దాచిన ప్రతి ఏడాదీ ఆ పిల్ల ఖాతాలోంచే పోతుంది.

ఈ పిల్లలకు ఈ రైళ్లంటే ఎందుకింత ప్రాణమో కూడా వెతికాను, జర్నలిస్టు పురుగు ఊరుకోదు కదా. మావాడొక్కడే కాదట. ఇంగ్లాండులోని నేషనల్ ఆటిస్టిక్ సొసైటీ 2000ల మొదట్లోనే తల్లిదండ్రులను అడిగి దీని మీద ఒక పరిశీలన చేసింది. ఆలోచిస్తే మతలబ్ తెలుస్తుంది. మనుషుల మొహం నిమిషానికి పది రకాలుగా మారుతుంది. నోరు నవ్వుతుంది, కళ్లు నవ్వవు. పాత థామస్ భాగాలను నిజం బొమ్మలతో తీసేవాళ్లు, ఒక్కో భావానికి ఒక్కో మొహం తగిలించేవాళ్లు. గుస్సా అంటే గుస్సానే. పైగా కథ చెప్పే గొంతు ఎవరికి ఏమనిపించిందో విప్పి చెబుతుంది. ప్రతివాడికీ రంగు, నంబరు, పట్టాలు. ఎక్కడికి పోతాడో ముందే తెలుసు. మన ఇళ్లల్లో ఎవరైనా నాకు గుస్సా వచ్చింది అని చెప్పి కోప్పడతారా?

2022లో అమెరికా భాగాల్లోకి బ్రూనో అని ఒకడొచ్చాడు. ఇంజను కాదు, బండి చివర్న తగిలించే ఎర్రటి బ్రేకు పెట్టె. వాడికి ఆటిజం ఉందని తీసినవాళ్లే చెప్పారు, అలాంటి మనుషులతో సంప్రదించే తయారు చేశారు. టైంటేబుల్ అంటే ఇష్టం, పెద్ద శబ్దాలంటే పడదు. అబ్బాకి చూపిస్తే గంభీరంగా చూసి, "గార్డు పెట్టె. అది చివర్న లేకపోతే బండి పూర్తిగా వచ్చిందో మధ్యలో తెగిందో స్టేషన్ మాస్టరుకి ఎలా తెలుస్తుంది?" అన్నాడు. గార్డుని 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అనాలని రైల్వే మార్చింది. అబ్బాకి ఆ పేరు నచ్చలేదు.

అమ్మీ ఖుషీ మాత్రం వేరొకరి వల్ల. 2016లో వచ్చిన సినిమాలో ఇండియా నుంచి ఆశిమా అనే ఇంజను వెళుతుంది, ఊటీ కొండెక్కే నీలగిరి రైలు ఇంజను నమూనా, ఒంటినిండా రంగుల నగిషీ. తర్వాత 2018 నుంచి వచ్చిన భాగాల్లో థామసే ఇండియాకి వస్తాడు. ఇక్కడ రాజీవ్, శంకర్, చారుబాల అని ఒక ఆఫీసరమ్మ, ఇంకా ఒక ఇంజను పేరు నూర్‌జహాన్. ఈ చివరి పేరు వినగానే అమ్మీ నమాజ్ దుపట్టా సర్దుకుని ముందుకు వంగింది. "హమారీచ్ హై క్యా?" అని అడిగింది. మనదే అన్నాను. ఆ రోజు నుంచి ఆమె తనకు క్లారాబెల్ వద్దు, నూర్‌జహాన్ అని పిలవమని మనవణ్ని బతిమాలుతోంది. మున్నా ఒప్పుకోలేదు. వాడి రిజిస్టర్లో ఒకసారి రాసింది కొట్టివెయ్యడు.

బొమ్మల సంగతి. ఆ కంపెనీ ఇంజను ఒక్కోటి ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. హెన్రీ చక్రం విరిగినప్పుడు నాకు ఒక తెలివి పుట్టింది. బొమ్మల ఊరు కొండపల్లి పక్కనే పెట్టుకుని ఫారిన్ ప్లాస్టిక్ ఎందుకు? ఒక కారీగర్ దగ్గరికి పోయి ఫోన్లో ఫోటోలు చూపించాను. ఆయన తెల్ల పొణికి కర్ర ముక్క చేతిలో తిప్పుతూ, ఏనుగు అంబారీ అడగండి చేస్తాను, దశావతారాలు అడగండి చేస్తాను, రైలుకి మొహం పెట్టడం నలభై ఏళ్లలో ఇదే మొదలన్నాడు. అయినా చేశాడు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో బుగ్గలు దిద్దాడు, సున్నం పూసి ఆరబెట్టి రంగులేశాడు. రెండు వారాల తర్వాత వెళితే ఏడూ సిద్ధం. అన్నిటికీ కొండపల్లి బొమ్మల కళ్లు, చేపల్లాగా చెవుల దాకా సాగి. గోర్డన్‌కి, ఎడ్వర్డ్‌కి నల్లటి మీసాలు. "పెద్దవాళ్లు కదండీ," అన్నాడు ఆయన.

నాకు అంతకంటే అందమైన బొమ్మలు ఈ దునియాలో లేవనిపించింది. ఇంటికి తెచ్చి వరసలో పెట్టాను. మున్నా ఒకసారి చూశాడు. ఏడింటినీ ఒక్కొక్కటిగా తీసుకెళ్లి చెప్పుల స్టాండు మీద పెట్టి వచ్చాడు. కోపం లేదు, ఏడుపు లేదు. ఇవి వాళ్లు కాదు, అంతే. మూడు నెలలు అవి అక్కడే ఉన్నాయి. మొన్న మామిడిపళ్ల రోజుల్లో, రసాలు పిండుకుని తింటుంటే చూశాను. మీసాల గోర్డన్ ఒక్కడు చెప్పుల స్టాండు మీద లేడు. వాడి ఏడింటి వరసలోనూ లేడు. వాడి దిండు కింద ఉన్నాడు. ఎందుకో నేను అడగలేదు. అడిగినా వాడు చెప్పడు.

పోయిన ఆదివారం ముగ్గురం కొండపల్లి స్టేషన్‌కి వెళ్లాం. ప్లాట్‌ఫాం టికెట్లు తీసుకుని బెంచీ మీద కూర్చోవడం, అదే మా పిక్నిక్. మున్నా చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు. మధ్యలో అబ్బా, చేతిలో గొడుగు. ఇబ్రహీంపట్నం కరెంటు ప్లాంటుకి పోయే బొగ్గు బండి దూరంగా కనబడింది. సరిగ్గా అప్పుడే డెస్కు నుంచి ఫోన్. నేను లేచి పక్కకి నడుస్తూ ఎత్తాను. మున్నా వచ్చి నా షర్టు అంచు పట్టుకు లాగాడు.

"గోర్డన్. చుప్."

రెండు మాటలు కలిపి అనడం, అదీ ఒక ఇంగ్లీషు పేరు, ఒక ఉర్దూ మాట, వాడి జిందగీలో అదే మొదటిసారి కాదు గానీ, నాతో మొదటిసారి. ఫోన్ జేబులో పెట్టేశాను. బండి వచ్చింది. అబ్బా తెలుగులో, మున్నా ఇంగ్లీషులో, నేను మనసులో ఉర్దూలో వ్యాగన్లు లెక్కపెట్టాం. చివర్న బ్రేకు వ్యాన్, అందులో పచ్చ జెండాతో ఒకాయన. అబ్బా చెయ్యెత్తాడు. ఆయనా ఎత్తాడు. "బ్రూనో," అన్నాడు మున్నా.

లెక్క కుదరలేదు. అబ్బాకి యాభై ఎనిమిది వచ్చాయి, నాకు యాభై తొమ్మిది. మున్నా లెక్క ఎంతో చెప్పలేదు. మళ్లీ మొదట్నుంచీ అన్నట్టు వేలు చూపించి బెంచీ మీద కూర్చున్నాడు. ఇంకో బొగ్గు బండి ఎప్పుడొస్తుందో తెలియదు. మేమూ కూర్చున్నాం.